తొడ సందుల్లో, కింద తగ్గని దురద: స్కిన్ డాక్టరా, గైనిక్కా?

తులసికోట (వేళచ్చేరి, చెన్నై)
మా వదినకి 46 ఏళ్లు, షుగరుంది. రెండు నెలలుగా తొడ సందుల్లోనూ, యోని బయటి పెదవుల మీదా ఒకటే దురద. తొడ మీద ఎర్రటి మచ్చ అంచు కట్టి పాకుతోంది. తెల్లబట్ట పెరుగు విరిగినట్టు అవుతోంది, వాసన లేదు. మెడికల్ షాపు ట్యూబు రాస్తే హాయి, మానగానే రెట్టింపు. దాని మీద క్లోబెటసాల్, ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినఫిన్ అని ఉంది. షుగరుకి మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్. తనకి తమిళం రాదు, పైగా సిగ్గు. ఎవరికి చూపించాలి?

తెల్లకోటు
ముందు ఆ ట్యూబు ఆపించండి. క్లోబెటసాల్ చాలా ఘాటైన స్టెరాయిడ్. దురదని నొక్కేస్తుంది, కింద తామర (చర్మానికి పట్టే ఫంగస్) మాత్రం నిశ్చింతగా పాకుతుంది. అంచు చెరిగిపోయి డాక్టరుకి కూడా పోల్చుకోవడం కష్టమవుతుంది. తొడ సందుల్లో చర్మం పలచబడి చారలు పడితే అవి పోవు. ఆపిన కొత్తలో దురద ఎగదన్నుతుంది, కంగారుపడి మళ్లీ రాయొద్దు.

తొడ మచ్చకి స్కిన్ డాక్టర్. అంచు నుంచి పొట్టు గీకి కేఓహెచ్ (పొట్టుని కరిగించి ఫంగస్ కనపడేలా చేసే ద్రావణం) చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తారు, చిన్న పరీక్షే. ఆ రోజు క్రీములు, పౌడర్లు ఏవీ రాసుకోకుండా వెళ్లాలి. తామరని తేలితే క్రీమును మచ్చ మీదే కాక చుట్టూ రెండు సెంటీమీటర్ల దాకా రాయాలి, కనిపించకుండా పోయాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్లు కొనసాగించాలి. మధ్యలో మానేయడం వల్ల చాలామందికి తిరగబెడుతుంది.

మందులకొట్టు
ఆ తెల్లబట్ట సంగతి వేరు, అది ఈస్ట్ (ఇంకో రకం ఫంగస్) ఇన్ఫెక్షన్‌లా ఉంది. రెండూ ఒకేసారి ఉండొచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ చక్కెరని మూత్రంలోకి తోసేస్తుంది, ఈస్టుకి అదే మేత. మాత్ర సొంతంగా మానకండి, రాసిన డాక్టరుకే చెప్పండి. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగరు సగటు చెప్పే రక్తపరీక్ష) కూడా చూపించండి. మామూలు ఈస్టుకి ఫ్లూకొనజోల్ 150 మిల్లీగ్రాములు ఒక్క మోతాదు, లేదా లోపల పెట్టే క్లోట్రిమజోల్ మాత్ర ఇస్తారు. గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్రలు వాడేవాళ్లకి ఫ్లూకొనజోల్ తోడైతే షుగరు పడిపోవచ్చు. గర్భిణులు నోటి మాత్ర జోలికి పోకూడదు. అందుకే కౌంటర్ దగ్గర అడిగి కొనకండి.

పొడి_తువ్వాలు
డెట్టాల్ నీళ్లు, సెంటు వైప్స్, వేపాకు ముద్ద అన్నీ బంద్. మంట పుట్టించేవి అవే. మూత్రానికి వెళ్లొచ్చాక ఉత్త నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది ఆరబెట్టుకోవాలి. తువ్వాలు ఎవరిది వాళ్లకే. చెన్నైలో ఐప్పసి (అక్టోబరు-నవంబరు) వానలప్పుడు లోదుస్తులు ఎండవు, పైకి పొడిగా ఉన్నట్టే ఉండి కుట్ల దగ్గర చెమ్మ మిగులుతుంది. ఆ కుట్ల మీద లోపలివైపు ఇస్త్రీ పెట్టండి. నైలాన్, బిగుతు లెగ్గింగ్స్ కొన్నాళ్లు పక్కన.

తెల్లకోటు
ఒక మాట మిగిలింది. చర్మం తెల్లగా, సిగరెట్ కాగితంలా పలచబడి, పగుళ్లు పడి, పెదవులు కుంచించుకుపోతుంటే అది లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి కావచ్చు, ముట్లు ఆగే వయసులో ఎక్కువ. దానికి మందు ఆ క్లోబెటసాలే! కానీ కలగూరగంప ట్యూబు కాదు, ఉత్తది, డాక్టరు చూసి లెక్కగా ఇచ్చేది. మానని పుండు, గడ్డ, రక్తం ఉంటే ముక్క తీసి పరీక్ష చేయించాల్సిందే.

సెంట్రల్ స్టేషన్ ఎదురుగా రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆస్పత్రిలో స్కిన్ ఓపీ ఉంది. కింది సమస్యలకి ఎగ్మూరు ప్రసూతి ఆస్పత్రి. అక్కడ "లేడీ డాక్టర్ వేణుం" (కావాలి) అంటే చాలు. ఆ ట్యూబు, షుగరు మాత్రల అట్టలు వెంట తీసుకెళ్లండి.

తులసికోట
అన్నయ్యకి కూడా మందు వాడాలా?

మందులకొట్టు
ఈస్టుకైతే ఆయనకి దురద, ఎరుపు లేకపోతే అక్కర్లేదండి. తామరైతే ఇంట్లో మచ్చలున్నవాళ్లందరినీ ఒకేసారి చూపించాలి, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.