‘ఎంట్రైన్‌మెంట్’కు ‘చిలకడం’ సరిపోతుందా?

అణు రియాక్టర్ ప్రమాదాలపై వ్యాసం అనువదిస్తున్న మిత్రులొకరు ‘ఎంట్రైన్‌మెంట్’ (పైకి లేచే బుడగ ఒక ద్రవాన్ని తన వెంట లాక్కుపోవడం) అన్న చోట ‘చిలకడం’ అని రాయవచ్చునా అని అడిగారు. మాట ఇంపుగానే ఉంది. కానీ పెరుగు చిలికేది వెన్నను వేరుచేయడానికి. ఇక్కడ జరిగేది వేరుగా ఉన్నవి కలగాపులగం కావడం.

రియాక్టర్‌లో ఇంధనం ఉండే నడిమి భాగం, అంటే కోర్, కరిగి, తానున్న ఉక్కు పాత్రను కూడా తొలుచుకొని కాంక్రీటు నేల మీద పడినప్పుడు ఆ ముద్దలో, అంటే కోరియంలో, రెండు ద్రవాలుంటాయి: యురేనియం, జిర్కోనియం ఆక్సైడ్లు ఒకటి, ఉక్కుతో కూడిన లోహం మరొకటి. ఇవి నీళ్ళూ నూనెల్లా పొరలు కడతాయి. మొదట ఆక్సైడే బరువు కనుక అడుగున ఉంటుంది. కరిగిన కాంక్రీటును తనలో కలుపుకుంటూ పోయేకొద్దీ తేలికై, చివరకు లోహాన్ని అడుగుకు పంపి తాను పైకి తేలుతుంది. ఈలోగా వేడెక్కిన కాంక్రీటు నుంచి నీటి ఆవిరి, కంకర సున్నపురాయిదైతే అచ్చం సున్నపు బట్టీలో లాగానే బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పుట్టి, బుడగలుగా ఆ పొరలను చీల్చుకుంటూ పైకి వస్తాయి.

మనకు మాట కావలసింది పొరల సరిహద్దు దగ్గర. చిన్న బుడగ అక్కడ కాసేపు ఆగి, అడుగు ద్రవాన్ని పలచని తొడుగులా కప్పుకొని దాటుతుంది. పెద్ద బుడగ ఆగదు. తన వెనుక ఆ ద్రవాన్ని స్తంభంలా పైకి లాగుతుంది, ఆ స్తంభం సన్నబడి, తెగి, చుక్కలుగా మళ్ళీ కిందికి రాలుతుంది. గాజు గ్లాసులో నీళ్ళ మీద నూనె పోసి, స్ట్రాను అడుగు దాకా దించి ఊదితే ఇటువంటిదే కంటికి కనబడుతుంది.

కనుక ‘తోడుకుపోవడం’ అనాలని నా సూచన. నూతిలో నీళ్ళు తోడడంలోని ‘పైకి తేవడం’, మనిషిని తోడుకొనిపోవడంలోని ‘వెంట తీసుకుపోవడం’ రెండూ ఇందులో ఉన్నాయి.

స్పందన: పాలు తోడుకున్నాయి అని కూడా అంటాం కదండీ. కోరియం గడ్డకట్టిందని పాఠకులు పొరబడరా? చెర్నోబిల్‌లో 1986 ప్రమాదం తరువాత కరిగిన ఇంధనం కింది గదుల్లోకి పారి గడ్డకట్టిందనీ, అందులో ఒక ముద్దను ‘ఏనుగు పాదం’ అంటారనీ చదివినవారికి ఆ అర్థమే ముందు తోచవచ్చు.

జవాబు: మంచి అభ్యంతరమండీ. పాలు తమంతట తామే తోడుకుంటాయి. అక్కడ కర్మ ఉండదు. ‘బుడగ అడుగు ద్రవాన్ని పైకి తోడుకుపోతుంది’ అని కర్మతో రాస్తే ఆ సందేహం రాదు. ఊరికే ‘కలుస్తాయి’ అని మాత్రం రాయవద్దు. వాయువు జోరు తగ్గితే పొరలు మళ్ళీ విడిపోతాయి. వేడి కింది నేలను ఎక్కువ తొలుస్తుందా, పక్క గోడలనా అన్నది ఆ పొరల అమరిక మీద కూడా ఆధారపడి ఉంటుంది. అందువల్ల బుడగ చేసే పనికి ‘తోడుకుపోవడం’, దాని ఫలితానికి ‘కలబోత’ అని అనువాదంలో రెండు మాటలూ విడివిడిగా ఉంచితే బాగుంటుంది.