మొదటి కాన్పులో బీపీ వచ్చింది, ఇప్పుడు తొమ్మిదో వారం: టెల్మిసార్టన్ మాత్ర ఆపేయాలా?

ప్రశ్న (కరీంనగర్ జిల్లా నుంచి)

అందరికీ నమస్కారం. నా వయసు 32. 2021లో మొదటి కాన్పు అయింది. ఏడో నెల వరకు ఏ ఇబ్బందీ లేదు. 30వ వారంలో బీపీ 150/100 ఉందని, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందని చెప్పి మాత్రలు రాశారు. పది రోజుల తర్వాత ఒక రాత్రి తలనొప్పి ఎంతకూ తగ్గకపోగా కళ్ల ముందు మెరుపుల్లాంటివి కనిపించడంతో ఆసుపత్రికి వెళితే బీపీ 170/110 ఉంది. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఇంజెక్షన్లు ఇచ్చి, 32 వారాలు నిండకముందే సిజేరియన్ చేశారు. పాప 1,250 గ్రాముల బరువుతో పుట్టి నలభై రోజులు పసికందుల ఇంటెన్సివ్ కేర్ విభాగమైన ఎన్‌ఐసీయూలో ఉంది. ఇప్పుడు ఆరోగ్యంగా బడికి వెళుతోంది.

కాన్పు తర్వాత నా బీపీ మాత్రం పూర్తిగా దిగలేదు. ఏడాదిన్నర నుంచి టెల్మిసార్టన్ 40 వాడుతున్నాను. ఇప్పుడు మళ్లీ గర్భం నిలిచింది, తొమ్మిదో వారం నడుస్తోంది. కడుపుతో ఉన్నప్పుడు బీపీ మాత్రలు వేసుకుంటే బిడ్డ ఎదగదని, అవన్నీ మానేసి ఉప్పు లేని అన్నం తినమని మా అత్తమ్మ అంటున్నారు. ఆమె భయంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, నలభై రోజులు ఎన్‌ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్నది ఆమే. మాత్ర ఆపాలా? ఈసారీ అలాగే అవుతుందా? మా డాక్టరు అపాయింట్‌మెంట్ ఇంకా రెండు వారాలకు ఉంది.

జవాబు 1 (ప్రసూతి వైద్యురాలు, గుంటూరు)

రెండు వారాలు ఆగవద్దు, రేపే ఫోన్ చేసి ముందుగా చూపించుకోండి. టెల్మిసార్టన్ గర్భంలో కొనసాగించవలసిన మాత్ర కాదు. ఆ తరగతికి చెందిన మందులు (లోసార్టన్, ఒల్మిసార్టన్, అలాగే ఎనలాప్రిల్, రామిప్రిల్) నాలుగో నెల తర్వాత కూడా వాడితే బిడ్డ మూత్రపిండాలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గిపోతుంది. మీరు తొమ్మిదో వారంలోనే ఉన్నారు కనుక ఇప్పటివరకు వేసుకున్నదానికి కంగారు పడనక్కరలేదు. కానీ ఆ మాత్రను మార్చాలి తప్ప, బీపీ మందే లేకుండా ఉండటం సరికాదు. లాబెటలాల్, నెమ్మదిగా విడుదలయ్యే నిఫెడిపిన్, మిథైల్‌డోపా గర్భిణులకు దశాబ్దాలుగా వాడుతున్నవే. ఉబ్బసం ఉంటే లాబెటలాల్ పనికిరాదు, ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

మీ అత్తగారి సందేహం ఒకప్పుడు మా వైద్యులకూ ఉండేది. 140/90 కంటే కొంచెం ఎక్కువ ఉన్నవారికి మందులిస్తే మాయకు రక్తం తగ్గి బిడ్డ చిన్నదవుతుందేమోనని 160/110 దాటేదాకా వేచి చూసినవాళ్లం చాలామందిమి ఉన్నాం. గర్భానికి ముందు నుంచీ లేదా తొలి నెలల్లోనే బీపీ ఉన్న 2,408 మంది గర్భిణులతో అమెరికాలో జరిగి 2022లో వెలువడిన చాప్ అనే అధ్యయనం దీనికి జవాబు చెప్పింది. బీపీని 140/90 లోపు ఉంచిన వర్గంలో తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా (మొదటి కాన్పులో మీకు వచ్చినట్టు గర్భంలో బీపీ పెరిగి మూత్రంలో ఆల్బుమిన్ పోయే జబ్బు), నెలలు నిండకముందే చేయాల్సి వచ్చిన కాన్పు, మాయ విడిపోవడం, బిడ్డ చనిపోవడం వీటిలో ఏదో ఒకటి జరిగినవారు 30.2 శాతం కాగా, మందు ఇవ్వకుండా చూసిన వర్గంలో 37 శాతం ఉన్నారు. తక్కువ బరువు బిడ్డల సంఖ్యలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. బిడ్డ ఎదుగుదలను నిజంగా దెబ్బతీసేది మాయకు రక్తం సరిగా అందకపోవడమే.

ఇక ఇది మళ్లీ వస్తుందా అన్నది. మాయ (మా వైపు మావి అంటారు) తన కణాలను గర్భాశయపు సన్నని రక్తనాళాల్లోకి పంపి, వాటిని వెడల్పు చేసుకునే పని దాదాపు ఐదో నెల వరకు సాగుతుంది. ఆ పని సరిగా జరగనివారిలో, రక్తం చాలని మాయ తల్లి రక్తంలోకి కొన్ని పదార్థాలను వదలడం వల్ల ఒంట్లోని రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని బీపీ పెరుగుతుంది, మూత్రపిండాల నుంచి ఆల్బుమిన్ కారుతుంది, కాలేయం, మెదడు కూడా ఇబ్బందిలో పడతాయి. అంటే ఏడో నెలలో బయటపడిన జబ్బుకు బీజం మూడు నాలుగు నెలల్లోనే పడుతుంది. ముందు కాన్పు 34 వారాల లోపే అయినవారిలో ముగ్గురు నలుగురిలో ఒకరికి ఇది తిరిగి వస్తుంది, పైగా మీకు బీపీ నిలిచిపోయింది. అందుకే 12వ వారం నుంచి రాత్రిపూట తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టడం గురించి అడగండి. 2017లో వెలువడిన ఆస్ప్రే అధ్యయనంలో 150 మిల్లీగ్రాముల మోతాదు 37 వారాల లోపు వచ్చే ప్రీఎక్లాంప్సియాను 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గించింది. దీర్ఘకాల బీపీ ఉన్నవారిలో ఆ లాభం అంత స్పష్టంగా కనిపించలేదన్నదీ నిజమే. అయినా మీ మొదటి కాన్పు చరిత్ర చూస్తే నేనైతే ఇస్తాను.

క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది), కాలేయ పరీక్షలు, ప్లేట్‌లెట్లు, మూత్రంలో ప్రోటీన్ ఇప్పుడే ఒకసారి చేయించి కాగితాలు దాచుకోండి. ఏడో నెలలో ఏదైనా మారినప్పుడు అది కొత్తగా వచ్చిందా, మొదటి నుంచీ ఉన్నదా అని తేల్చడానికి ఈ కాగితాలే ఆధారం. ఉప్పు మానేస్తే ప్రీఎక్లాంప్సియా రాదన్నదానికి ఆధారం లేదు. మీకు ముందే బీపీ ఉంది కనుక పచ్చళ్లు, అప్పడాలు తగ్గించండి, అంతేగాని చప్పిడి కూడు తినవలసిన పని లేదు.

జవాబు 2 (విశ్రాంత స్టాఫ్ నర్సు, వరంగల్)

డాక్టరు గారు మందుల గురించి చెప్పారు కనుక నేను కొలత గురించే చెబుతాను. బీపీ పెరిగిందో లేదో మన ఒంటికి తెలియదు. కాళ్లకు నీరు పట్టడాన్ని మన ఇళ్లలో పెద్ద గుర్తుగా చూస్తారు కానీ, నీరు పట్టిన గర్భిణుల్లో చాలామందికి ఏ జబ్బూ ఉండదు, 160 దాటిన బీపీతో వచ్చినవాళ్ల కాళ్లు సన్నగానే ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను. ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బితే మాత్రం వెంటనే చూపించుకోవాలి.

ఇంట్లో మిషన్ కొనుక్కో తల్లీ. చేతికి సరిపడే పట్టీ ఉండాలి, లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ చూపిస్తుంది. టీ తాగిన అరగంట లోపు చూడవద్దు. వీపు ఆనించి, కాళ్లు నేలకు తాకేలా ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్న తర్వాత, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి చూడాలి. ఎడమవైపు ఒత్తిగిలి పడుకుని పై చేతికి చూస్తే అంకె తక్కువ వస్తుంది, దాన్ని చూసి ధైర్యపడవద్దు. ఉదయం, సాయంత్రం వచ్చిన అంకెలు ఒక నోట్‌బుక్‌లో తేదీతో రాసి ప్రతి చెకప్‌కు తీసుకెళ్లు.

పై అంకె 160 గాని కింది అంకె 110 గాని వస్తే, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూసినా అలాగే ఉంటే, తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. ఇంకొకటి: పొట్ట పైభాగంలో, కుడి డొక్క కింద వచ్చే నొప్పిని గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకునేవాళ్లు ఎక్కువ. అది కాలేయం వాచి, ప్లేట్‌లెట్లు పడిపోతున్నదానికి గుర్తు కావచ్చు.

జవాబు 3 (ఒక తల్లి, రాజమహేంద్రవరం)

నా అనుభవం చెప్పకుండా ఉండలేకపోతున్నాను, ఎందుకంటే కాన్పుతో గండం గడిచిందని మా ఇంట్లో అందరూ అనుకున్నారు. నాకు తొమ్మిదో నెలలో 144/92 ఉండేది. సిజేరియన్ తర్వాత మూడో రోజు ఇంటికి పంపేశారు, బీపీ మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో ఎవరూ చెప్పలేదు. పుట్టింట్లో ఐదో రోజు తెల్లవారుజామున తలనొప్పి మొదలైతే బాలింతకు చలిగాలి తగిలిందని తలకు గుడ్డ కట్టారు. మధ్యాహ్నానికి మూర్ఛ వచ్చింది. మా అమ్మమ్మ చూసి ఇది గుర్రపువాతం అని గుర్తుపట్టింది, ఆమె చిన్నతనంలో ఆ ఊళ్లో ఒక బాలింత అలాగే చనిపోయిందట. బండి మాట్లాడుకుని పెద్దాసుపత్రికి వెళ్లాక మెగ్నీషియం ఇచ్చారు. రెండు రోజుల జ్ఞాపకం నాకు ఇప్పటికీ లేదు.

కాన్పు అయిన మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్యలో బీపీ ఎక్కువగా పెరుగుతుందని తర్వాత డాక్టరు చెప్పారు. ఆ రోజుల్లోనే మనం పురిటి పథ్యాల గొడవలో ఉంటాం. కాబట్టి మీరు ఇంటికి వచ్చేటప్పుడు మిషన్ కూడా పుట్టింటికి తీసుకెళ్లండి.

ప్రశ్న అడిగినవారు (ఆరు రోజుల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. మరునాడే చూపించుకున్నాను, టెల్మిసార్టన్ ఆపి లాబెటలాల్ రాశారు. ఆస్పిరిన్ 12 వారాలు నిండాక మొదలుపెడతామన్నారు. మొదటి రెండు రోజులు 146, 142 వచ్చింది, నిన్నటి నుంచి 132/84 ఉంటోంది. నోట్‌బుక్‌లో రాసే పని అత్తమ్మ తీసుకున్నారు, ఐదు నిమిషాలు కాకముందే మిషన్ ముట్టుకోనివ్వడం లేదు. ఒక్క ప్రశ్న మిగిలింది. మా ఊరికి దగ్గరలో తెలిసిన నర్సింగ్ హోమ్ ఉంది, కాన్పుకు అది చాలా?

జవాబు 4 (ప్రసూతి వైద్యురాలు, గుంటూరు)

చెకప్‌లకు అది చాలు, కాన్పుకు చాలదు. అంతా సవ్యంగా ఉంటే 37 వారాలు దాటాకే కాన్పు చేస్తారు. ప్రీఎక్లాంప్సియా తీవ్రంగా వస్తే 34 వారాలకే చేయాలి, పరిస్థితి అదుపు తప్పితే అంతకన్నా ముందే. అప్పుడు బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదగడానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇవ్వాలి, పుట్టగానే ఎన్‌ఐసీయూ ఉండాలి, మీకు రక్తం అవసరమైతే అందుబాటులో ఉండాలి. పుట్టిన బిడ్డను అంబులెన్స్‌లో తరలించడం కంటే, కడుపులో ఉండగానే తల్లి అక్కడికి చేరడం బిడ్డకు చాలా మేలు. ఎన్‌ఐసీయూ, బ్లడ్ బ్యాంక్ రెండూ ఉన్న ఆసుపత్రిలో 20వ వారం లోపే పేరు నమోదు చేయించుకోండి. 28వ వారం నుంచి ఎదుగుదల, డాప్లర్ (బిడ్డకు రక్తం అందే తీరు చూసే) స్కాన్లు కూడా అక్కడే చేయించుకుంటే మిమ్మల్ని కొత్తగా పరిచయం చేయాల్సిన అవసరం రాదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా చేసే పరీక్షలకూ వెళ్లవచ్చు, మీ నోట్‌బుక్ మాత్రం మరవకండి.