జానక్యాః శ్లోకంలో ఆ ‘మలా’ ఎక్కడికి పోయింది?

ప్రొద్దుటూరు: మా తమ్ముని కూతురి పెండ్లి పత్రిక ప్రూఫ్ వచ్చింది. పైన ‘జానక్యాః కమలాంజలిపుటే’ అని ఉంది. మా అబ్బ చదువుతుంటే మధ్యలో ఇంకేదో మెలిక వినబడేది. ఎవరికైనా గుర్తుందా? రేపు పొద్దున ప్రింటుకు పోతుంది.

జమ్మలమడుగు: ‘కమలామలాంజలిపుటే’. శార్దూల వృత్తం కదన్నా, పాదానికి 19 అక్షరాలు. మీ కార్డు 17 దగ్గరే కుంటింది.

కడప: లెక్క సరే. ఆ ‘అమల’ ఏం పని చేస్తోంది? సీత దోసిట్లో తలంబ్రాల ముత్యాలు కెంపులు కావాలంటే అరచేతి ఎరుపు చాలు, దానికి కమలం ఉంది. నన్నడిగితే ‘అమల’ గణం కోసం వచ్చిన చుట్టమే.

జమ్మలమడుగు: చుట్టం కాదు సార్. మచ్చలేని దోసిలి గనకే ముత్యానికి రంగు అంటింది. అద్దం మురికిగా ఉంటే నీడ పడుతుందా?

అనంతపురం: మీరు రెండక్షరాల దగ్గరే ఉండారు. మూడో పాదం చూడండి, ‘శ్యామలకాయకాంతి’, నల్లని ఒంటి మెరుపు. దోసిట్లో కెంపులు, రాముని తలమీద మల్లెలు, ఒంటిమీదికి జారితే ఇంద్రనీలాలు. ఇప్పుడు కార్డు మీది బొమ్మ చూడండి. రాముడు సీతకంటే తెల్లగా, పౌడర్ పూసినట్టు! ఆ ఒంటిమీద నీలం ఎట్లా వస్తుంది? కింద శ్లోకం ఒకటి చెబుతుంది, పైన బొమ్మ ఇంకొకటి.

కడప: బాగా పట్టినావు. పోతన కృష్ణుణ్ణి ‘నల్లనివాడు పద్మనయనంబులవాడు’ అని నలుపుతోనే మొదలుపెట్టినాడు. మా ఒంటిమిట్ట పోతన.

కర్నూలు: బమ్మెర పోతన, సార్.

కడప: భాగవతం ఒంటిమిట్ట రామునికే అంకితం అని మేము విన్నాం. అక్కడ కల్యాణం కూడా రాత్రిపూటే, వెన్నెల్లో. ఆ వెలుగులో తలంబ్రాలు చూసినోళ్లకు ఈ శ్లోకం అర్థం చెప్పే పనిలేదు.

కర్నూలు: కల్యాణానికీ అంకితానికీ ఏం సంబంధం?

ప్రొద్దుటూరు: అన్నా, ఆ గొడవ తర్వాత. ‘మలా’ చేర్పించినా. నల్ల రాముని బొమ్మ అడిగితే అంగడాయన మూడు కేటలాగులు ముందరేసినాడు. అన్నిట్లోనూ తెలుపే. పెండ్లికొడుకు మాత్రం మా పక్క నలుపే, పాపం.

జమ్మలమడుగు: బొమ్మ తీసేయించు. శ్లోకం చాలు. నాలుగో పాదంలో ‘శుభదా’కు సున్న పెట్టినారేమో చూసుకో.

కడప: సున్న ఉంటే తప్పేముంది?