థాయ్‌లాండ్‌లోని లేమ్ చబాంగ్ పోర్టులో ఓడ ఆగేది పది గంటలే, బ్యాంకాక్ వెళ్ళిరావడం అవసరమా?

గోదారిగట్టు:
సింగపూర్ నుంచి క్రూయిజ్ బుక్ చేశామండి, నేను, మా ఆవిడ, అమ్మానాన్న. ఓడ పొద్దున 7కి ఆగుద్ది, సాయంత్రం 5.30కల్లా ఎక్కేయాలి. ప్లాన్‌లో ‘బ్యాంకాక్’ అనే రాశారు, తీరా మ్యాప్ చూస్తే పోర్టు చోన్‌బురిలో ఉంది, బ్యాంకాక్ అక్కడికి 120 కి.మీ. పైనే! పటాయా మాత్రం 25 కి.మీ.లే. ఏం చేయమంటారు?

ఓరుగల్లుపోరడు:
అన్నా, పోకు. పోను రెండు గంటలు, రాను మూడు అనుకో, ఇగ మిగిలేదెంత? పెద్ద ఓడలు బ్యాంకాక్‌ల ఉన్న చావో ఫ్రాయా నదిలకి రాలేవు కాబట్టి అంత దూరంల ఆపుతరు, పేరు మాత్రం బ్యాంకాక్ అని పెడతరు. మేం పోయినం, బస్సుల కూసొని నడుం పోయింది, ప్యాలెస్ గేటు ముంగట ఫొటో దిగి మళ్ల బస్సెక్కినం. గంతే. పటాయాల సాంక్చువరీ ఆఫ్ ట్రూత్ అని సముద్రం ఒడ్డున మొత్తం చెక్కతోటి కట్టిన గుడి లెక్క ఒకటుంది, 1981ల మొదలువెట్టిన్రు, ఇంకా చెక్కుతనే ఉన్నరు. అది చూసి నిమ్మళంగ ఓడకి రా.

పాతరాళ్ళు:
ఓరుగల్లు గారూ, తప్పు ఊరిది కాదండి, మీ టూర్‌ది. ఒక్క రోజులో ప్యాలెస్, మార్కెట్, మాల్ అన్నీ పెడితే ఎవరికైనా నడుం పోతుంది. 1782లో మొదటి రాముడు (వాళ్ళ రాజుల్ని అలాగే పిలుస్తారు, ఇప్పుడున్నది పదో రాముడు) కట్టించిన గ్రాండ్ ప్యాలెస్, అందులోని వాట్ ఫ్రా కేవ్ అనే గుడి, ఈ ఒక్కటీ చూసి వచ్చినా చాలు. ఆ గుడి చుట్టూ వసారా గోడల మీద 178 బొమ్మల్లో రామాయణం మొత్తం గీశారు, వాళ్ళు రామకియెన్ అంటారు. రావణుడి పేరు తోత్సకన్, అంటే మన దశకంఠుడే, పచ్చ రంగులో ద్వారం దగ్గర కాపలా ఉంటాడు. హనుమంతుడు తెల్లగా ఉంటాడు, పైగా అక్కడ బ్రహ్మచారి కాదు, రావణుడి కూతురు సువన్నమచ్చ అనే మత్స్యకన్యతో ప్రేమాయణం కూడా ఉంది! ఇంత కథ తెలిసిన తెలుగువాళ్ళం అంత దగ్గరకెళ్ళి చూడకుండా వచ్చేస్తే ఎలా?

ఓరుగల్లుపోరడు:
కథ మంచిగనే ఉంది సార్, గని వాళ్ళ అమ్మానాయినల వయసు సూడున్రి. ఆ ప్యాలెస్ పెద్ద వాకిట్ల నీడ లేదు, మధ్యాహ్నం ఎండ మాడు పగులగొడుతది. ట్రాఫిక్‌ల ఇరుక్కుంటే ఓడ ఆగదు, తర్వాతి పోర్టుకి మన పైసలతోటి మనమే ఉరకాలె.

చెన్నపట్నంచిన్నోడు:
అందుకే ఓడవాళ్ళ టూర్ తీసుకోండి, డబ్బు ఎక్కువే గానీ వాళ్ళ బస్సు లేటైతే ఓడ ఆగుతుంది. సొంత టాక్సీ అయితే ఏడున్నరకే బయల్దేరాలి, ఒంటిగంటకల్లా తిరుగు మొహం పట్టాలి. ఇంకోటి, గేటు బయట మంచి షర్టేసుకున్న ఎవరో వచ్చి ఇవాళ ప్యాలెస్ మూసేశారు, టుక్‌టుక్‌లో వేరే గుళ్ళు చూపిస్తా అంటాడు, నమ్మొద్దు, చివరికి రత్నాల కొట్లో తేల్తారు. మా బావమరిది తేలాడు. టికెట్ 500 భాట్, షార్ట్స్, స్లీవ్‌లెస్ వేసుకుంటే లోపలికి రానివ్వరు. ఓపికుంటే పక్కనే వాట్ ఫో అనే గుడిలో 46 మీటర్ల పడుకున్న బుద్ధుడు, అంతకుమించి ఏదీ పెట్టుకోవద్దు.

పాతరాళ్ళు:
టూర్ బస్సులో వెళ్తే ఆ బొమ్మల దగ్గర పది నిమిషాలు కూడా నిలబడనివ్వరు. నా ఓటు టాక్సీకే.

గోదారిగట్టు:
అందరికీ థాంక్సండి. ఇదంతా ఇంట్లో చదివి వినిపించా. నాన్న ఆ మత్స్యకన్యని చూడాల్సిందే అని కూర్చున్నారు, అమ్మేమో ఆంజనేయస్వామికి ప్రేమాయణం ఏంటి, నేను రాను, పటాయాలో చెక్కగుడి చూస్తా అంటోంది. పెద్దాళ్ళిద్దర్నీ విడగొట్టడం కుదిరే పని కాదు గానీ, ఓడవాళ్ళ టూర్‌లో ప్యాలెస్ ఒక్కటే ఉండేది దొరుకుద్దా, ఎవరైనా వెళ్ళారా?