ల్యాప్‌టాప్‌లో పోయే మెయిల్ సర్వర్ నుంచి పోవట్లేదు

సెక్రటరీ_ఫ్లాట్302: మా అపార్ట్‌మెంట్‌లో 62 ఫ్లాట్లు. మెయింటెనెన్స్ గుర్తుచేయడానికి పైథాన్ స్క్రిప్టు రాశాను. ల్యాప్‌టాప్ నుంచి పోర్టు 25 (మెయిల్ సర్వర్‌కి వెళ్లే తలుపు నంబర్ లాంటిది) మీద బాగానే పోతోంది. అద్దె సర్వర్‌లో పెడితే టైమౌట్. పోర్టు 587కి మార్చి ఎస్‌ఎస్‌ఎల్ (గుప్తంగా పంపే పద్ధతి) పెడితే ‘రాంగ్ వెర్షన్ నంబర్’ అంటోంది. పైగా తెలుగు సబ్జెక్టు కొందరికి ప్రశ్నార్థకాలుగా కనిపిస్తోందట. ఎల్లుండే 1వ తేదీ, టెన్షన్‌గా ఉంది.

గోలీసోడా: 25 మర్చిపోండి. స్పామ్ భయంతో చాలా క్లౌడ్ సర్వర్లలో బయటికి వెళ్లే 25ని మూసే ఉంచుతారు. ఇది తెలియక రెండు రాత్రులు నా ఫైర్‌వాల్‌నే తిట్టుకున్నాను.

పాతకాపు: పద్దెనిమిదేళ్లుగా మెయిల్ సర్వర్లు నడుపుతున్నాను, వినండి. 587లో సంభాషణ మామూలుగా మొదలవుతుంది, ‘స్టార్ట్‌టీఎల్‌ఎస్’ అన్నాకే గుప్తంగా మారుతుంది. మీరేమో మొదటి నుంచే గుప్తంగా మాట్లాడుతున్నారు. సర్వర్ ‘220’ అని మామూలుగా పలకరిస్తే మీ లైబ్రరీ బెదిరిపోతోంది. అంతే. 465 జోలికి మాత్రం పోకండి, అది ఎప్పుడో రద్దయింది.

చిక్కడపల్లి_కోడర్: రద్దయిన మాట నిజమే సార్, అది 1990లలో. 2018లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8314 (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) చదివారా? మొదటి నుంచే టీఎల్‌ఎస్ (ఎస్‌ఎస్‌ఎల్‌కు కొత్త రూపం) ఉండే 465నే వాడమంటుంది. 587లో మధ్యలో ఎవడైనా స్టార్ట్‌టీఎల్‌ఎస్ మాటను మింగేస్తే పాస్‌వర్డ్ గతేంటి?

పాతకాపు: పైథాన్‌లో అప్పుడు ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది బాబూ. కోడ్ రాసి చూశాక మాట్లాడు.

చిక్కడపల్లి_కోడర్: రాశాను కాబట్టే చెబుతున్నా. కాంటెక్స్ట్ (భద్రతా సెట్టింగులు) ఇవ్వకుండా వదిలేస్తే సర్వర్ గుర్తింపు పత్రమైన సర్టిఫికెట్ సరిచూడదు. ఎవడి సర్వర్‌కైనా పాస్‌వర్డ్ అప్పగించేస్తుంది.

పాతకాపు: 465లో మాత్రం చూస్తుందా? అక్కడా అంతే! రెండింటికీ ‘క్రియేట్ డిఫాల్ట్ కాంటెక్స్ట్’ ఇవ్వాల్సిందే. నాకే పాఠాలా?

మామిడితాండ్ర: మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాకు జీమెయిల్‌తో 535 (లాగిన్ కుదరలేదనే ఎర్రర్) వస్తోంది. పాస్‌వర్డ్ కరెక్టే, పదిసార్లు చూశాను.

లావణ్య_డెవ్: తాండ్ర గారూ, 2022 మే 30 తర్వాత మామూలు పాస్‌వర్డ్‌తో కుదరదండీ. రెండంచెల వెరిఫికేషన్ పెట్టుకుని 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోండి. నా అనుభవం కూడా రాసుకోండి: అసలు పాస్‌వర్డ్ మార్చిన రోజే యాప్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దవుతాయి. నా స్క్రిప్టులో ఎక్సెప్ట్ కింద ‘పాస్’ (ఎర్రర్ వచ్చినా పట్టించుకోకు) అని రాసి ఉండడంతో మూడు వారాలు ఒక్క మెయిలూ పోలేదు, ఒక్క ఎర్రరూ రాలేదు. క్లయింట్ ఫోన్ చేస్తేగానీ తెలియలేదు.

గోలీసోడా: నేనైతే పాస్‌వర్డ్‌ను కోడ్‌తో సహా గిట్‌హబ్‌లో పెట్టేశాను. ఆ కథ ఇంకోసారి.

సెక్రటరీ_ఫ్లాట్302: 465తో పోయాయి! పాతకాపు గారు ఏమీ అనుకోవద్దు. కానీ 62 అడ్రసులూ ‘టు’లోనే పెట్టేశాను. ఇప్పుడు అందరూ రిప్లై ఆల్ కొట్టి లిఫ్టు గురించి తిట్టుకుంటున్నారు. తెలుగు సబ్జెక్టు సంగతి ఎవరూ చెప్పనేలేదు.

లావణ్య_డెవ్: హెడర్లు (సబ్జెక్టు, టు లాంటివి) చేత్తో అతికించకుండా ‘ఈమెయిల్‌మెసేజ్’ క్లాసు వాడండి, తెలుగును అదే సరిగ్గా ఎన్‌కోడ్ చేస్తుంది. వచ్చే నెల లూప్ పెట్టి ఒక్కో ఫ్లాటుకు విడిగా పంపండి.

పాతకాపు: 587లో కూడా పోయేవి.