‘ప్లగ్‌డ్ ఇన్, నాట్ ఛార్జింగ్’: పాత ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ పోయిందా, ఇంకేమైనానా?

పాతడబ్బా
2016 మోడల్, 15 అంగుళాల ల్యాప్‌టాప్, విండోస్ 10. ఊడదీయగలిగే 4 సెల్స్ బ్యాటరీ. దాని మీద 14.8 వోల్టులు, 40 వాట్ అవర్ అని ఉంది. రెండు వారాలుగా 0% దగ్గరే కూర్చుంది, ‘ప్లగ్‌డ్ ఇన్, నాట్ ఛార్జింగ్’ అంటోంది. అడాప్టర్ పీకితే టక్కున ఆరిపోతుంది. పెట్టి ఉంచితే నడుస్తుంది గానీ మరీ స్లో. పాత అడాప్టర్ వైరు తెగితే ఈ మధ్యే వేరేది కొన్నాను. 19.5 వోల్టులు, 3.34 ఆంప్స్, పాతదాని మీదున్న అంకెలే. బ్యాటరీ తీసి పవర్ బటన్ 30 సెకన్లు నొక్కిపట్టడం, డివైస్ మేనేజర్‌లో బ్యాటరీ డ్రైవర్ తీసేసి రీస్టార్ట్ చేయడం అయిపోయాయి. షాపులో బ్యాటరీ మార్చమంటున్నారు. మార్చేముందు ఇంకేం చూడాలండీ?

టంకం
బ్యాటరీకి ఇప్పుడే డబ్బు పెట్టకండి. మీరు రాసినదాంట్లో అసలు ఆనవాలు ‘స్లో’ అన్న మాట.

అడాప్టర్ ప్లగ్గు లోపల నట్టనడుమ సూదిలాంటి పిన్ను ఉందా? ఉంటే, పవర్ దాంట్లోంచి రాదు. గొట్టం లోపలి గోడ పాజిటివ్, బయటి గోడ నెగటివ్. ఆ సూది, అడాప్టర్‌లోని చిన్న చిప్ పంపే ‘నేను 65 వాట్లదాన్ని’ అన్న కబురును ల్యాప్‌టాప్ మదర్‌బోర్డుకు చేర్చే తీగ. ఆ కబురు అందకపోతే బోర్డు మెషిన్‌ని నడుపుతుంది గానీ ఛార్జింగ్ ఆపేస్తుంది, ప్రాసెసర్ వేగమూ కోసేస్తుంది. అంటే ప్లగ్గు సరిపోయినా, వోల్టులు సరిపోయినా చాలదు. చవక అడాప్టర్లలో కొన్నిటికి ఆ చిప్పే ఉండదు.

ఆన్ చేయగానే ఎఫ్2 కొట్టి (కొన్నిట్లో ఎఫ్10) బయోస్‌లోకి (విండోస్ మొదలయ్యేముందు వచ్చే మెషిన్ సొంత సెట్టింగుల తెర) వెళ్లి ‘ఏసీ అడాప్టర్’ అన్న వరుస చూడండి. 65 వాట్ అని ఉంటే అడాప్టర్‌ని వదిలేయండి. ‘అన్‌నోన్’ అని ఉంటే దొంగ దొరికినట్టే. మల్టీమీటర్‌తో 19.5 వోల్టులు చూసి ‘బాగానే ఉంది’ అనుకోకండి, సూది మాట్లాడుతోందో లేదో మీటరుకు తెలీదు. ఎవరిదగ్గరైనా ఒరిజినల్ అడాప్టర్ తెచ్చి పెట్టి చూడటమే పరీక్ష.

ఒరిజినల్‌తోనూ ‘అన్‌నోన్’ అంటే అప్పుడు తప్పు జాక్‌ది, అంటే ల్యాప్‌టాప్‌లో ప్లగ్గు దూరే రంధ్రానిది. చాలా మోడళ్లలో అది చిన్న వైరుతో బోర్డుకు గుచ్చే విడి ముక్క, టంకం అక్కర్లేదు. ప్లగ్గులోని సూది వంగిందేమో టార్చి వేసి చూడటం మరవకండి.

సెల్‌లెక్క
టంకం గారు చెప్పిన వరసే కరెక్టు. దాంతోపాటు బ్యాటరీనీ ఒక మాట అడగండి. కమాండ్ ప్రాంప్ట్‌లో (విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే కిటికీ) ఇంగ్లిష్‌లో పవర్‌సీఎఫ్‌జీ (powercfg) అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ (/) పెట్టి, బ్యాటరీరిపోర్ట్ (batteryreport) అని కలిపి కొడితే ఒక ఫైలు తయారవుతుంది. అందులో ‘డిజైన్ కెపాసిటీ’ (కొత్తలో పట్టాల్సింది), ‘ఫుల్ ఛార్జ్ కెపాసిటీ’ (ఇప్పుడు పట్టేది) పక్కపక్కన పెట్టి చూడండి. రెండోది మొదటిదాంట్లో సగానికి దిగిందంటే ఎక్కినా ఎంతోసేపు నిలవదు.

బ్యాటరీ తీసి టెర్మినల్స్ మీద మీటరు పెట్టి 0 వోల్టులు వచ్చాయని చచ్చిందనుకోకండి. ల్యాప్‌టాప్‌లో కూర్చున్నట్టు సిగ్నల్ అందేదాకా చాలా ప్యాకులు వోల్టేజీ బయటికి వదలవు.

ఇంకోటి. నెలల తరబడి 0% మీద వదిలేస్తే సెల్ 2.5 వోల్టుల కిందికి జారుతుంది. మరీ దిగితే లోపలి సర్క్యూట్ ప్యాకును శాశ్వతంగా మూసేస్తుంది. దాన్ని బయటి సప్లైతో ‘లేపే’ వీడియోలు చూసి చేయకండి. అంతగా దిగిన సెల్‌లో రాగి రేకు కరుగుతుంది. మళ్లీ ఛార్జి ఎక్కేటప్పుడు ఆ రాగి పేరుకుని లోపలే షార్టయ్యే ప్రమాదం ఉంది.

పాతడబ్బా
చూశానండీ. బయోస్‌లో ‘అన్‌నోన్’ అనే ఉంది. పక్కవాళ్ల ఒరిజినల్ అడాప్టర్ పెట్టగానే 65 వాట్ అని చూపించింది, ఛార్జింగ్ మొదలైంది, స్లో కూడా పోయింది. రిపోర్టులో డిజైన్ 40,000 మిల్లీవాట్ అవర్, ఫుల్ ఛార్జ్ 11,200. అంటే బ్యాటరీ కూడా అయిపోయినట్టేనా?

సెల్‌లెక్క
28% మిగిలింది. 12 వాట్లు తాగే మెషిన్ అనుకుంటే 56 నిమిషాలు. అయితే ఆ అంకె పాత లెక్క కావచ్చు. ఒకసారి 100 దాకా నింపి, 10% దాకా వాడి, మళ్లీ నింపాక రిపోర్టు తీయండి. టేబుల్ మీదే వాడేవాళ్లయితే దీంతో లాగించేయొచ్చు. టచ్‌ప్యాడ్ దగ్గర గానీ అడుగున గానీ ఉబ్బు కనిపిస్తే మాత్రం ఆ పూటే తీసేయండి. నొక్కకండి, గుచ్చకండి, చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకివ్వండి.

టంకం
ముందు అడాప్టర్. అమ్మేవాడి దగ్గరే పెట్టి, బయోస్‌లో 65 వాట్ అని చూశాకే డబ్బివ్వండి. తర్వాత బ్యాటరీ కొంటే మోడల్ పేరు చెప్పి కాదు, పాతదాని మీది పార్ట్ నంబర్ చూపించి అడగండి. ఒకే మోడల్‌లో 11.1 వోల్టులదీ 14.8దీ రెండూ వచ్చినవి ఉన్నాయి. తయారీ తేదీ కూడా చూడండి, అల్మరాలో మూడేళ్లు కూర్చున్న ‘కొత్త’ బ్యాటరీ సగం ముసలిదే.