నాన్నకి రోజూ గుర్రప్పందేలు చూపించాలంటే ఏ చానెల్ తీసుకోవాలి?

యూకేలో ఉండే తెలుగువాళ్లు కాస్త సలహా ఇవ్వండి. మోకాలి ఆపరేషన్ అయ్యాక నాన్న మూడు నెలలు మా దగ్గర ఉండటానికి లెస్టర్ వచ్చారు. మలక్‌పేట రేసుల్లో పెరిగిన మనిషి. పొద్దున్నే పేపర్ నాలుగు మడతలు పెట్టి, గుర్రాల పేర్ల పక్కన పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుని టీవీ ముందు కూర్చుంటారు. తీరా చూస్తే ఆ రోజు పందెం మా టీవీలో రాదు. ఆయన ముఖం చూస్తే మనసు చివుక్కుమంటోంది.

నాకు అర్థమైనంతలో, ఇక్కడి పేరున్న గుర్రప్పందెం గ్రాండ్ నేషనల్ 1960 నుంచి 2012 దాకా బీబీసీలో వచ్చింది. 2013లో హక్కులు చానెల్ 4కి, 2017లో ఐటీవీకి వెళ్లాయి. ఐటీవీ ఉచితమే కానీ పెద్ద పందేలే ఎక్కువ. మిగతావి రెండు పే చానెళ్లు పంచుకున్నాయి: చెల్టెనమ్, ఎయింట్రీ రేసుకోర్సుల పందేలు రేసింగ్ టీవీలో, ఆస్కాట్ రేసుకోర్సువి స్కై స్పోర్ట్స్ రేసింగ్‌లో. రెండూ కొనాలంటే నాకు భారమే.

ఒక్కటే తీసుకుంటే ఏది మేలు? డిష్ లేకుండా, మూడు నెలలకే కట్టే వీలుందా? నాన్నకి ఫోన్ తెర కనబడదు, టీవీలోనే రావాలి. వాడినవాళ్లు చెప్పండి, ప్లీజ్.